పాత తెరచాప పడవ కొనబోయే వారికి

అమెరికాలో ఏ పెద్ద సరస్సు ఒడ్డుకు వెళ్ళినా, ఏ సముద్రపు రేవులో నిలబడి చూసినా, 50 ఏళ్ళ కిందట తయారైన తెరచాప పడవలు ఇంకా నీళ్ళ మీద కనిపిస్తాయి. వాటిలో కొన్నింటికి అమ్మకానికి అన్న బోర్డు కూడా వేలాడుతుంటుంది. కాటలీనా 22 అనే 22 అడుగుల పడవనే తీసుకోండి. కాలిఫోర్నియాలో ఫ్రాంక్ బట్లర్ పెట్టిన కంపెనీ 1970 ప్రాంతంలో దాన్ని మొదలుపెట్టి 15,000కు పైగా తయారు చేసింది. ఇవాళ అందులో ఒక పాత పడవ ఓ మోస్తరు సెకండ్ హ్యాండ్ కారు ధరకంటే తక్కువకే దొరుకుతుంది. డాలస్ పక్కన లూయిస్‌విల్ సరస్సు దగ్గర, సియాటిల్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలు తక్కువేం లేవు. ఇంటికి దగ్గర్లోనే నీళ్ళు, వారాంతంలో కాస్త తీరిక, చేతిలో కొంత డబ్బు ఉన్నప్పుడు ఒక పడవ కొనుక్కుందామా అనిపించడం సహజం. అనిపించిన మరుక్షణం వచ్చే సందేహం, అంత పాతది కొనవచ్చా అని. కొనవచ్చు. కొనాలి అని కూడా నేనంటాను. మొదటి పడవ పాతది కావాలి, చిన్నది కావాలి, పోయిన సీజను దాకా నీళ్ళలో తిరిగినది కావాలి. ఈ మూడింటిలో జనం సాధారణంగా భయపడేది మొదటిదానికి, తేలిగ్గా వదిలేసేది మూడోదాన్ని. నష్టపోయేది కూడా అక్కడే. అదెలాగో ఈ ప్రసంగంలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు వయసు సంగతి. ఒకప్పుడు పడవంటే చెక్కే. చెక్క నానుతుంది, కుళ్ళుతుంది, సముద్రపు పురుగు దాన్ని తొలిచేస్తుంది. 1950లలో గాజునారను రెసిన్‌తో తడిపి, అచ్చులో పొర మీద పొర పరిచి పడవ తయారు చేసే పద్ధతి వ్యాపించింది. మన కోస్తాలో తెప్పల స్థానాన్ని ఆక్రమించిన ఫైబర్ బోట్లు చేసేదీ ఈ పద్ధతిలోనే. 1959లో న్యూయార్క్ పడవల ప్రదర్శనలో, రోడ్ ఐలండ్‌కు చెందిన పియర్సన్ కంపెనీ ట్రైటన్ అనే 28 అడుగుల పడవను పెట్టింది. దాని రూపశిల్పి కార్ల్ ఆల్బర్గ్. మధ్యతరగతి కుటుంబం కొనుక్కోగల ఫైబర్‌గ్లాస్ పడవగా అది బాగా అమ్ముడుపోయింది, దాదాపు 700 తయారయ్యాయి. ఈ కొత్త పదార్థం ఎన్నాళ్ళు ఆగుతుందో అప్పటి తయారీదారులకు అనుభవపూర్వకంగా తెలియదు. అందుకని పొరలు ధారాళంగా వేశారు. వాళ్ళ ఆ ముందుజాగ్రత్త ఫలితం ఇవాళ కొనేవాళ్ళు అనుభవిస్తున్నారు. 1963లో తయారైన ఒక ట్రైటన్‌లో జేమ్స్ బాల్డ్విన్ అనే నావికుడు రెండుసార్లు భూగోళాన్ని చుట్టి వచ్చాడు. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే, మన నౌకాదళంలో పనిచేసిన అభిలాష్ టామీని తలుచుకోండి. 2022లో ఫ్రాన్స్ నుంచి బయలుదేరిన గోల్డెన్ గ్లోబ్ పందెంలో, ఎక్కడా ఆగకుండా, ఒంటరిగా భూమిని చుట్టి 2023 ఏప్రిల్‌లో రెండో స్థానంలో నిలిచారాయన. 1988కి ముందు రూపొందిన నమూనాలకే ఆ పందెంలో ప్రవేశం. ఆయన నడిపినది రస్లర్ 36 అనే అలాంటి పాతకాలపు నమూనా. ఒక మాట ఒప్పుకోవాలి. ఇలాంటి పందేలకు వెళ్ళేవాళ్ళు పాత పడవను ఉన్నదున్నట్టే సముద్రంలోకి తోలరు. తెరచాపను ఎత్తే మాస్ట్ స్తంభాన్నీ, దాన్ని పట్టి నిలిపే తీగలనూ, తెరచాపలనూ చాలామంది కొత్తగా వేసుకుంటారు. నా వాదనకు కావలసింది సరిగ్గా అదే. నీటిలో తేలే ఆ ఫైబర్‌గ్లాస్ పెంకు, హల్ అంటారు దాన్ని, దశాబ్దాలు నిలుస్తుంది. దాని మీద బిగించినవన్నీ దేని ఆయుష్షు మేరకు అది అరిగిపోతాయి.

అరిగిపోయేవాటిలో కంటికి కనపడకుండా పాడయ్యే మొదటిది డెక్. పైనుంచి చూస్తే అది కూడా గట్టి ఫైబర్‌గ్లాసే అనిపిస్తుంది. చాలా పడవల్లో మాత్రం పైనో పలచని పొర, కిందో పలచని పొర, మధ్యలో బాల్సా చెక్కో ప్లైవుడ్డో ఉంటుంది. బరువు పెరగకుండా బిరుసుగా ఉండాలని అలా చేస్తారు. రెయిలింగ్ కమ్మీలకూ, తాళ్ళు కట్టే క్లీట్లకూ, హ్యాండిళ్ళకూ వేసిన ప్రతి బోల్టూ ఆ చెక్కలోంచే పోతుంది. బోల్టు చుట్టూ పూసిన మైనం లాంటి సీలెంట్ కొన్నేళ్ళకు ఎండి చిట్లుతుంది. ఆ సందులోంచి వాననీళ్ళు బొట్టుబొట్టుగా లోపలికి దిగుతాయి. అటు పైపొర ఎండనివ్వదు, ఇటు కిందిపొర కారనివ్వదు. చెక్క అక్కడే ఏళ్ళ తరబడి నాని, నల్లబడి, పిండైపోతుంది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. దీన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రమేం అక్కర్లేదు. చిన్న ప్లాస్టిక్ సుత్తి తీసుకుని డెక్ అంతా జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పోవాలి. మంచి చోట ఖంగుమంటుంది, నానిన చోట మొద్దుగా మోగుతుంది. చెవులున్న ఎవరికైనా పది నిమిషాల్లో తేడా తెలుస్తుంది. నడుస్తుంటే పాదం కింద డెక్ కాస్త దిగినట్టనిపిస్తే ఇక సుత్తి కూడా అనవసరం. చిన్న మచ్చంత నానితే బాగుచేయవచ్చు. సగం డెక్ నానితే పైపొర కోసి, చెక్క తవ్వి తీసి, కొత్తది అతికించి, మళ్ళీ పొర వేయాలి. ఆ పనికి మనిషిని పెడితే అయ్యే కూలి పడవ ధరను దాటిపోతుంది.

రెండోది మాస్ట్‌ను పట్టి ఉంచే స్టీలు తీగలు, వాటిని పడవ ఒంటికి కలిపే చెయిన్‌ప్లేట్లు. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడేది గాలిలోని ఆక్సిజన్‌తో దాని పైన ఏర్పడే పలచటి పొర. చెయిన్‌ప్లేటు డెక్‌ను దాటే చోట ఎప్పుడూ తడి, గాలి ఆడదు. అక్కడ ఆ పొర నిలవదు. బయటికి కనిపించే భాగం వెండిలా మెరుస్తుంటే లోపల దాగిన భాగం సన్నగా చీలుతూ ఉంటుంది. తీగలకు పది పదిహేనేళ్ళ ఆయుష్షు అని సాధారణంగా లెక్కేస్తారు. ఉప్పునీటిలో ఉన్నదానికి ఈ లెక్కను కచ్చితంగా పాటించాలి. మంచినీటి సరస్సులోనే బతికిన పడవకు కొంత వెసులుబాటు ఉంటుంది. ఒకే ఏడాది తయారైన రెండు పడవల్లో ఒకటి టెక్సస్ సరస్సుది, ఒకటి ఫ్లోరిడా తీరానిది అయితే, మిగతావన్నీ సమానమైనప్పుడు, సరస్సుదానికే నేను మొగ్గు చూపుతాను. ఇక తెరచాపలు ఎండకు చివికిపోతాయి, ఇంజను వాడినా అరుగుతుంది, వాడకపోతే బిగుసుకుపోతుంది, వైర్లు పచ్చబారతాయి. వీటి గురించి ఎక్కువ చెప్పను. ఎవరైనా చూసి పట్టుకోగలిగినవే.

ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం. కాటలీనా 27 పడవలు రెండు అమ్మకానికి ఉన్నాయనుకోండి. ఒకే మోడల్, ఒకే ఏడాది. మొదటిదాని ధర 3,000 డాలర్లు, మూడేళ్ళుగా ఒడ్డున కర్రల మీద నిలబెట్టి ఉంది. రెండోది 8,000, పోయిన ఆదివారం కూడా నీళ్ళలో తిరిగింది. అయిదు వేలు మిగులుతాయి కదా అని మొదటిదాని వైపు చేయి చాపబుద్ధేస్తుంది. రెండు తెరచాపలు కొత్తవి కుట్టిస్తే ఆ మిగులులో చాలా భాగం పోతుంది. తీగలు మార్పిస్తే మిగిలింది పోతుంది. ఇంజను పోయిందని తేలితే, లోపల బిగించే కొత్త డీజిల్ ఇంజను పెట్టించడానికి 10,000 డాలర్లు దాటడం మామూలే. ఇంత ఖర్చూ పెట్టాక దాన్ని అమ్మబోతే ఎంత పలుకుతుంది? మళ్ళీ ఆ ఎనిమిది వేలే. పాత పడవ మీద పెట్టిన ఖర్చు అమ్మకంలో తిరిగి రాదు. అమ్మేవాడికి అది చేదు నిజం, కొనేవాడికి అదే వరం. మునుపటి యజమాని ఎంతో ఖర్చుపెట్టి మార్పించిన తీగలూ, తెరచాపలూ, ఇంజనూ మీకు నాలుగో వంతు ధరకో అంతకన్నా తక్కువకో దక్కుతాయి. ఒకే రకం పడవల్లో అన్నిటికంటే చవకైనది వెతక్కుండా, అన్నిటికంటే బాగా చూసుకున్నది వెతకమని నేననడానికి కారణం ఇది. ఆ మరమ్మతుల రసీదులన్నీ ఒక ఫైలులో దాచి చూపించగల యజమాని దొరికితే, ధర దగ్గర మరీ గీచి బేరమాడకండి.

దీనికి వచ్చే మొదటి ఆక్షేపణ నాకు తెలుసు. మా చేతులతో మేమే బాగుచేసుకుంటాం, అలా పడవ గురించి నేర్చుకుంటాం, కూలి ఖర్చు ఉండదు కదా అంటారు. ఊరికే ఇస్తామన్న పడవలు కూడా దొరుకుతాయి మరి. చేతిపని మీద ఇష్టం ఉండటం గొప్ప విషయం, దాన్ని తక్కువ చేయను. కానీ పడవను ఎప్పుడూ నడపనివాళ్ళకు దానిలో ఏది ముందు బాగుచేయాలో, ఏది అలాగే వదిలేయవచ్చో తెలిసే దారి లేదు. మొదట లోపలి సోఫాలకు కొత్త గుడ్డలు కుట్టిస్తారు, చెక్కకు వార్నిష్ వేస్తారు. తీగలు అలాగే ఉంటాయి. రెండు సీజన్లు నడిపినవాళ్ళయితే ముందు తీగల దగ్గరికే వెళ్తారు. పైగా పని జరుగుతున్నన్నాళ్ళూ పడవను ఒడ్డున ఉంచే యార్డుకు అద్దె నెల నెలా కట్టాలి. ఊరికే వచ్చిన పడవకైనా అది తప్పదు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న మాటకు మూడోదిగా దీన్ని చేర్చవచ్చు. ఒక వేసవి అనుకున్న పని మూడు వేసవులకు పాకుతుంది, పిల్లలు ఎదిగిపోతారు, ఇంట్లోవాళ్ళ ఉత్సాహం చల్లారుతుంది. చివరికి ఒక్కసారైనా తెరచాప ఎత్తకుండానే పడవను అమ్మకానికి పెడతారు. పడవల ప్రకటనల్లో ‘సగం పని పూర్తయింది’ అని రాసి ఉన్నవన్నీ ఇలాంటివే. నన్ను బాధపెట్టేది పోయిన డబ్బు కాదు. ఆ కుటుంబం గాలికి పడవ ఒరగడం, ఇంజను ఆపేశాక వినిపించే ఆ నీటి చప్పుడు, ఇవేవీ ఎరగకుండా పడవ అంటేనే విసిగిపోతుంది. నడుస్తున్న పడవలో కూడా నేర్చుకోవడానికి కావలసినంత మరమ్మతు ఉంటుంది. నెలకొకటి చేసుకోవచ్చు, మధ్యలో ప్రతి ఆదివారం నీళ్ళలోకి వెళ్ళవచ్చు.

రెండో ఆక్షేపణ పరిమాణం గురించి. ఎలాగూ కొంటున్నాం, నలుగురం పడుకునేలా, వంట చేసుకునేలా 30 అడుగులదే కొంటే మళ్ళీ మార్చే పని ఉండదు కదా అంటారు. పాత పడవల ధరలు కూడా ఈ ఆశను రెచ్చగొడతాయి, ఎందుకంటే కొనే ధరలో తేడా కొద్దిగానే ఉంటుంది. తేడా అంతా తర్వాత వస్తుంది. కాటలీనా 22 బరువు సుమారు వెయ్యి కిలోలు. కాటలీనా 30 బరువు నాలుగున్నర వేల కిలోలకు పైమాటే. పొడవు ఎనిమిది అడుగులు పెరిగితే బరువు నాలుగు రెట్లు దాటింది. తెరచాప, తాడు, లంగరు, ఇంజను, అడుగున వేసే రంగు, అన్నిటి ఖర్చూ ఆ బరువు వెంటే పెరుగుతుంది. రేవు అద్దె అడుగుల లెక్కన కట్టాలి. చిన్నదాన్ని ట్రెయిలర్ మీద ఇంటికి తెచ్చుకుని పెరట్లో పెట్టుకోవచ్చు, పెద్దదానికి క్రేన్ కావాలి. డబ్బు సంగతి అటుంచినా, జెట్టీ దగ్గరికి వస్తూ లెక్క తప్పితే, వెయ్యి కిలోల పడవను మనిషి కాలితో నెట్టి ఆపగలడు. నాలుగున్నర వేల కిలోలను ఆపబోతే కాలు విరుగుతుంది. చుక్కాని తిప్పితే చిన్న పడవ వెంటనే పలుకుతుంది. తప్పు చేస్తే అది వెంటనే తెలుస్తుంది, దిద్దుకుంటే అదీ వెంటనే తెలుస్తుంది. నేర్చుకునేవాళ్ళకు అంతకు మించిన గురువు లేదు. పెద్ద పడవ కావాలనిపిస్తే రెండేళ్ళ తర్వాత కొనుక్కోండి. అప్పటికి మీకు నిజంగా ఏం కావాలో తెలిసి ఉంటుంది, చిన్నది కొన్న ధరకు దరిదాపుల్లోనే అమ్ముడుపోతుంది.

మూడోది ప్రాణభయం. ఇది అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ, దీనికి సూటిగా జవాబు చెప్పాలి. కొత్త పడవ అయితే క్షేమం అన్న నమ్మకం పూర్తిగా నిలవదు. చీకీ రఫీకి అనే 40 అడుగుల పడవ 2006లో తయారైంది. 2014 మే నెలలో అట్లాంటిక్ మధ్యలో దాని కింద ఉండే బరువైన కీల్ ఊడిపోయింది, పడవ తిరగబడింది, అందులో ఉన్న నలుగురూ చనిపోయారు. అప్పటికి దాని వయసు ఎనిమిదేళ్ళు. అంతకుముందు అది నేలకు తగిలిన సందర్భాలూ, తర్వాత జరిగిన మరమ్మతులూ కలిసి కీల్ దగ్గరి పట్టును బలహీనపరచి ఉండవచ్చని బ్రిటిష్ దర్యాప్తు సంస్థ తేల్చింది. మరోవైపు 1979లో బ్రిటన్‌లో జరిగిన ఫాస్ట్‌నెట్ పందెం చూడండి. 303 పడవలు బయలుదేరాయి, తుపానులో 15 మంది పోటీదారులు ప్రాణాలు కోల్పోయారు. అన్నిటికంటే చిన్న తరగతిలో చివరిదాకా వచ్చినది ఒకే ఒక్క పడవ, అసెంట్ అనే కాంటెస్సా 32. ఆ నమూనా పడవలు ఇవాళ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. రెండు ఉదాహరణలతో అంతా రుజువైపోతుందని నేననను. పడవ నిలబడటం, మునగడం తయారైన సంవత్సరాన్ని బట్టి ఉండదని, నమూనాను బట్టి, పడవకు జరిగిన చరిత్రను బట్టి, చూసుకున్న తీరును బట్టి ఉంటుందని మాత్రం చెప్పగలను. పాతవాటికి ప్రత్యేకమైన ప్రమాదాలు లేకపోలేదు. అటామిక్ 4 అనే పెట్రోలు ఇంజను 1940ల నుంచి 1980ల దాకా తయారై, వేల పడవల్లో ఇంకా ఉంది. మంచి ఇంజనే, కానీ పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, కారితే పడవ అడుగున చేరి కూర్చుంటుంది. స్టార్ట్ చేసే ముందు కొన్ని నిమిషాలు బ్లోయరు ఫ్యాను వేసి, వంగి వాసన చూడటం అనే అలవాటు ఉన్నవాళ్ళే ఆ పడవ కొనాలి.

అసలు కొనడమెందుకు, క్లబ్బులో చేరి నడుపుకోవచ్చు కదా అనేవారితో నాకు పెద్ద తగాదా లేదు. ముందు నేర్చుకోవడం అక్కడే మంచిది. బాస్టన్‌లో కమ్యూనిటీ బోటింగ్, బర్క్‌లీలో కాల్ సెయిలింగ్ క్లబ్ లాంటివి తక్కువ రుసుముతో నేర్పుతాయి. హుస్సేన్ సాగర్‌లో హైదరాబాద్ యాట్ క్లబ్ పిల్లలకు చిన్న పడవల మీద శిక్షణ ఇస్తోంది. ఒక సీజను అలా నేర్చుకుని, ఆ తర్వాత కూడా కోరిక తీరకపోతే కొనండి. రాత్రి లంగరు వేసి పడవలోనే పడుకోవాలన్నా, వేళ చూసుకోకుండా వెళ్ళాలన్నా సొంత పడవ ఉండాల్సిందే.

నడుస్తున్న పడవ కొనమనడానికి ఇంకో కారణం ఉంది, అది మన ఒక్కరి లాభనష్టాలది కాదు. కుళ్ళని ఆ హల్ యజమాని పోయినా పోదు. వదిలేసిన పడవలు రేవుల్లో మునిగి, చమురు కారుతూ పడి ఉంటున్నాయి. వాషింగ్టన్ రాష్ట్రం 2002లోనే వాటిని తొలగించడానికి చట్టం చేసింది. ఫ్రాన్స్ 2019లో పాత విహార పడవలను ఉచితంగా విడగొట్టే ఏర్పాటు మొదలుపెట్టింది. బాగుచేస్తామని కొని, మధ్యలో వదిలేసిన పడవలు కూడా ఆ గుట్టలోనే చేరతాయి. వాడుకలో ఉన్నదాన్ని వాడుకలోనే ఉంచితే ఆ గుట్ట పెరగదు.

కొనే ముందు చేయవలసినవి కొన్ని. వెనక పలక మీద కుడివైపు పైమూలన చెక్కిన గుర్తింపు సంఖ్య చూడండి. అమెరికాలో 1972 నవంబరు నుంచి తయారైన పడవలన్నిటికీ అది ఉండాలి. కాగితాల్లో ఉన్న సంఖ్యతో అక్షరం అక్షరం సరిపోవాలి. పడవ మీద తీరని అప్పు ఏమైనా ఉందేమో కనుక్కోండి. పడవను పరీక్షించడానికి మీరు ఎన్నుకుని, మీరే డబ్బిచ్చే సర్వేయరును పెట్టుకోండి, అమ్మేవారు సిఫారసు చేసినవారు వద్దు. సర్వేయరు రుసుము అడుగుల లెక్కన ఉంటుంది. పడవను నీళ్ళలోంచి పైకెత్తించే ఖర్చు మామూలుగా కొనేవారిదే. చిన్న పడవకు ఇదంతా ధరలో పెద్ద వాటాయే అనిపిస్తుంది, అయినా పెట్టండి. పాత పడవకు బీమా ఇచ్చే కంపెనీలు ఆ నివేదిక చాలాసార్లు అడుగుతాయి, బీమా లేకపోతే చాలా రేవులు చోటివ్వవు. సర్వే జరిగే రోజు సెలవు పెట్టుకుని దగ్గరుండండి. ఆయన సుత్తితో తడుతున్నప్పుడు పక్కనే నిలబడి వినండి, కీల్ అతుకు దగ్గర చీలిక ఉంటే అది పైపూత చీలికా, లోపలి బోల్టుల దాకా పోయినదా అని అడగండి. ఆ తర్వాత పడవను నీళ్ళలోకి దింపి, తెరచాపలెత్తి, ఒక గంట నడిపి చూడండి. ఇవన్నీ అయ్యాకే బేరం ఖాయమవుతుందనీ, సర్వే నచ్చకపోతే బయానా పూర్తిగా వాపసు ఇవ్వాలనీ ఒప్పంద పత్రంలో షరతు రాయించుకోండి. అమ్మేవారు రాయనంటే ఆ బేరం అక్కడితో వదిలేయండి.